మన్యానికి సరిపోయే మోతాదు

ఒకే మందు, ఒకే మోతాదు, ఇద్దరు రోగులు. ఒకరు కోలుకుంటారు, మరొకరు ఆ మందు ధాటికే కూలిపోతారు. దీనిని మన పెద్దలు "ఒంటి తత్వం" అని సరిపెట్టుకునేవారు. ఆ మాటలో నిజముంది. ఆ తత్వంలో కొంత భాగం జన్యువులలో ఉంటుందని, దానిని ముందే తెలుసుకొని మందునూ మోతాదునూ నిర్ణయించవచ్చునని నేటి వైద్యశాస్త్రం చెబుతున్నది. సంతోషమే. కాని ఆ శాస్త్రం ఎవరి జన్యువులను చదివింది? ముంచింగిపుట్టు కొండల మీది గదబ, పోర్జ, కోందు స్త్రీకి అది ఏ మేరకు పనికివస్తుంది? నా ప్రశ్న ఇదే.

ముందుగా ఒక తేడా గుర్తించాలి. కణితిలో కొత్తగా పుట్టే జన్యుమార్పులు వేరు, తల్లిదండ్రుల నుండి సంక్రమించేవి వేరు. మొదటివాటిని గురిచూసి కొట్టే మందులు మనకు తెలిసినవే: రొమ్ము కేన్సర్‌కు 1998లో ట్రాస్టుజుమాబ్, ఒక రకం రక్త కేన్సర్‌కు 2001లో ఇమాటినిబ్ అమెరికాలో అనుమతి పొందాయి. రెండవ రకం మార్పులు మందును శరీరం ఎలా విరిచివేస్తుందో నిర్ణయిస్తాయి. వీటి మీద మన దృష్టి తక్కువ.

5-ఫ్లోరోయురాసిల్‌నే తీసుకుందాం. పెద్దపేగు, జీర్ణాశయం, నోరు, గొంతు కేన్సర్లలో వాడే పాత మందు. చుట్ట మండే కొనను నోట్లో పెట్టుకొని కాల్చే అడ్డపొగ వల్ల అంగిటి కేన్సర్లు వచ్చే మన ఉత్తరాంధ్రకు ఇది పరాయి మందు కాదు. ఒంట్లో చేరిన ఈ మందులో అధిక భాగాన్ని డీపీడీ అనే ఎంజైము కాలేయంలో విరిచివేస్తుంది. పుట్టుకతో ఆ ఎంజైము లోపించినవారికి మామూలు మోతాదే విషమవుతుంది. నోరంతా పుండ్లు, ఆగని విరేచనాలు, పడిపోయే తెల్ల రక్తకణాలు, ఆపై జ్వరం. నగరవాసి ఆ రాత్రే ఆసుపత్రికి చేరగలడు. డోలీ కట్టి రోడ్డు దాకా మోయవలసిన గూడెం మనిషికి ఆ రాత్రే చివరిది కావచ్చు. అంటే ముందస్తు పరీక్ష అవసరం నగరవాసి కంటే అతనికే ఎక్కువ.

ఈ మందు ఇచ్చే ముందు డీపీడీ లోపానికి పరీక్ష చేయాలని ఐరోపా మందుల సంస్థ 2020లో సిఫారసు చేసింది. అయితే సాధారణంగా వెతికే నాలుగు మార్పులు ప్రధానంగా ఐరోపా ప్రజలలో గుర్తించినవి. అవి లేవని తేలినంత మాత్రాన మన మనిషికి ప్రమాదం లేదని చెప్పలేము. పిల్లల రక్త కేన్సర్‌లో వాడే మెర్కాప్టోప్యూరిన్ విషయమూ ఇంతే. ఐరోపావారిలో టీపీఎంటీ అనే జన్యువు ముఖ్యం. ఆసియావారిలో న్యూడ్15 ముఖ్యమని 2014 తరువాత గాని తెలియలేదు.

"అయితే తెగ పేరు చూసి మోతాదు మారిస్తే సరిపోదా?" అని ఎవరైనా అడగవచ్చు. సరిపోదు. తెలుగు వైశ్యులలో కొందరికి ఒక ఎంజైము లోపం వల్ల శస్త్రచికిత్సలో కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ ప్రభావం చాలాసేపు వదలదు. కాని ఆ లోపం వైశ్యులందరికీ ఉండదు, ఇతరులకు ఉండదనీ కాదు. కులం, తెగ అనుమానానికి ఆధారాలే గాని పరీక్షకు ప్రత్యామ్నాయాలు కావు.

రోడ్డే లేనిచోట జన్యు పరీక్షలేమిటని మరికొందరు అంటారు. మన్యానికి ఈ సంగతి కొత్తదేమీ కాదు. మలేరియాకు ఇచ్చే ప్రైమాక్విన్ కొందరిలో రక్తకణాలను పగలగొట్టడానికి జీ6పీడీ ఎంజైము లోపం కారణమని 1956లోనే తేలింది. కొన్ని కేన్సర్ల చికిత్సలో యూరిక్ ఆమ్లాన్ని తగ్గించే రాస్‌బురికేస్ కూడా ఆ లోపమున్నవారికి ఇవ్వకూడదు. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన కార్యక్రమం 7 కోట్ల మందికి పరీక్ష చేయాలని లక్ష్యం పెట్టుకున్నది. అందుకోసం గిరిజనుల వేలి నుండి రక్తం తీస్తూనే ఉన్నాము. పుట్టుకతో వచ్చిన జన్యువు మారదు. ఒకసారి చేసిన పరీక్ష జీవితాంతం పనికివస్తుంది.

ఇక్కడే నా భయం కూడా ఉంది. అమెరికాలో హవసుపాయ్ తెగవారు 1990లలో మధుమేహ పరిశోధన అనుకొని రక్తమిచ్చారు. దానిని వారికి తెలియకుండా మానసిక వ్యాధుల మీద, వారి పూర్వీకుల వలసల మీద పరిశోధనలకు వాడారు. వారు న్యాయస్థానానికి వెళ్ళగా 2010లో రాజీ కుదిరి, మిగిలిన నమూనాలు తిరిగి వచ్చాయి. హైదరాబాదులోని సీసీఎంబీ కూడా పాలుపంచుకున్న జీనోమ్ ఇండియా పథకంలో దాదాపు 10,000 మంది జన్యు సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. ఇది మంచి ఆరంభమే. కాని పరిశోధకునికి అందిన ఫలితం రక్తమిచ్చిన మనిషికి చేరకపోతే అది వైద్యం కాదు, సేకరణ మాత్రమే.

కనుక నేను కోరేది మూడు సంగతులు. అనుమతి అడిగేటప్పుడు కువి, దేశియా ఒడియా వంటి వారి మాటలలో, వారికి అర్థమయ్యేలా అడగాలి. ఫలితాన్ని వారి చేతికే చీటీగా ఇవ్వాలి. విశాఖలో కీమోథెరపీ రాసే వైద్యుడు ఆ చీటీ చూడాలి. మోతాదు తగ్గించాలని తేలినవారికి ఆ తరువాతి పర్యవేక్షణ కొండ మీదనే దొరకాలి. ఈ మూడూ లేనినాడు "ఎవరికి తగిన మందు వారికి" అన్న మాట నగరాలకే పరిమితమవుతుంది. కొండ మీది మనిషి మాత్రం మరొకరి ఒంటికి కొలిచిన మోతాదునే మింగుతూ ఉంటాడు.