న్యాయవిద్య ప్రవేశం: ర్యాంకు చెప్పేది కొంతే

ఇంటర్మీడియెట్ చదివే విద్యార్థికి ఇంజనీరింగు, వైద్యం తప్ప మూడో మార్గం లేదన్న భావన క్రమంగా సడలుతోంది. ఐదేళ్ల సమీకృత న్యాయవిద్య వైపు మధ్యతరగతి కుటుంబాలు కూడా దృష్టి సారిస్తున్నాయి. ఆ వెంటే ఒక ప్రశ్న ప్రతి ఇంటిలోనూ తలెత్తుతోంది: "ఇన్ని మార్కులు వస్తే సీటు వస్తుందా?" ఈ ప్రశ్నకు కచ్చితమైన జవాబు చెబుతామనే శిక్షణ సంస్థలకు కొదవ లేదు. అయితే ప్రవేశ విధానాన్ని నిశితంగా పరిశీలిస్తే ఆ జవాబులలో అధికభాగం ఊహాగానాలేనని తేలుతుంది.

జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రస్థానం బెంగుళూరుతో మొదలైంది. ఎన్.ఆర్. మాధవ మీనన్ సారథ్యంలో అక్కడి విద్యాలయం 1988లో తొలి తరగతులు ప్రారంభించింది. హైదరాబాదులో నల్సార్ 1998లోను, విశాఖపట్నంలో దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం 2008లోను ఏర్పడ్డాయి. తొలుత ప్రతి విద్యాలయమూ సొంత పరీక్ష నిర్వహించుకునేది. ఒకే విద్యార్థి దేశం నలుమూలలా తిరిగి పరీక్షలు రాయవలసి రావడంపై 2006లో సుప్రీం కోర్టులో వ్యాజ్యం దాఖలైంది. దాని పర్యవసానంగా 2008లో ఏడు విశ్వవిద్యాలయాలతో ఉమ్మడి న్యాయ ప్రవేశ పరీక్ష, అంటే క్లాట్, అమలులోకి వచ్చింది. నేడు విశ్వవిద్యాలయాల సమాఖ్య దానిని నిర్వహిస్తోంది. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం మాత్రం ఐలెట్ పేరిట విడిగా పరీక్ష జరుపుకుంటోంది. 2020లో బెంగుళూరు విద్యాలయం కూడా విడిపోయి సొంత పరీక్ష పెట్టగా, సుప్రీం కోర్టు ఆ ఏడాది సెప్టెంబరులో దానిని కొట్టివేసింది.

మార్కుల లెక్క

ప్రస్తుత పరీక్షలో రెండు గంటల్లో 120 ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి. ఇంగ్లీషు, వర్తమాన వ్యవహారాలు, న్యాయ తర్కం, సాధారణ తర్కం, గణితం అనే ఐదు విభాగాలు ఉంటాయి. 2020 నుంచి ప్రశ్నలు విడివిడిగా కాక, సుదీర్ఘ గద్యభాగాల ఆధారంగా వస్తున్నాయి. కాబట్టి ఇది చట్టాల పరిజ్ఞానం కంటే చదివి గ్రహించే వేగానికే ప్రధానంగా పరీక్ష. తప్పు జవాబుకు పావు మార్కు కోత ఉంది. నాలుగు జవాబులలో రెండింటిని కొట్టివేయగలిగిన విద్యార్థి ఎనిమిది ప్రశ్నలలో సగం సరిగా గుర్తించినా, కోత పోను మూడు మార్కులు మిగులుతాయి. అదే ఏమీ తెలియకుండా గుడ్డిగా పదహారు ప్రశ్నలు గుర్తిస్తే, సగటున మిగిలేది ఒక్క మార్కు మాత్రమే.

ఆ ఒక్క మార్కు విలువ కూడా అందరికీ ఒకటి కాదు. జాబితా అగ్రభాగాన అభ్యర్థులు పలుచగా ఉంటారు. దిగువకు వచ్చేకొద్దీ కిక్కిరిసి ఉంటారు. అక్కడ ఒక మార్కు తేడా వందలాది స్థానాలను తారుమారు చేయగలదు. మార్కులు సమానమైతే న్యాయ తర్కంలో ఎక్కువ వచ్చినవారికి, అదీ సమానమైతే వయసులో పెద్దవారికి ప్రాధాన్యం ఇస్తారు. చివరకు కంప్యూటరు ద్వారా లాటరీ తీస్తారు. పేపరు తేలికైన ఏడాది, కఠినమైన ఏడాది అవే మార్కులకు వేర్వేరు ర్యాంకులు వస్తాయి. గత ఏడాది మార్కులను ఈ ఏడాదికి కొలబద్దగా తీసుకోవడం ఎంత ప్రమాదకరమో దీనిని బట్టే విదితమవుతుంది.

ఒకే వరుస కాదు

ర్యాంకు తెలిసిన తరువాత కూడా అనిశ్చితి తొలగదు. దేశమంతటికీ ఒకే ర్యాంకుల జాబితా ఉన్నప్పటికీ, సీట్లు ఒకే వరుసలో లేవు. ప్రతి విశ్వవిద్యాలయమూ దానిని స్థాపించిన చట్టానికి లోబడి షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు, వికలాంగులు, మహిళలు, స్థానికుల కోటాలను నిర్ణయించుకుంటుంది. బెంగుళూరు విద్యాలయంలో 2021 నుంచి నాలుగో వంతు సీట్లను కర్ణాటక విద్యార్థులకు కేటాయిస్తున్నారు. 2014 విభజనతో నల్సార్ తెలంగాణలోను, దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం ఆంధ్రప్రదేశ్‌లోను ఉండిపోయాయి. అందువల్ల తెలుగు విద్యార్థి తనకు ఎక్కడ స్థానికత వర్తిస్తుందో ముందుగా ఆ ఏటి నిబంధనలలో చూసుకోవడం తప్పనిసరి. తనకు వర్తించే కోటాలో గత రెండు మూడేళ్లలో చివరి సీటు ఏ ర్యాంకుకు దక్కిందో చూస్తే కొంత నమ్మదగిన అంచనా దొరుకుతుంది. అందరికీ కలిపి చెప్పే "సురక్షిత మార్కు" ఎవరికీ వర్తించదు.

2025 ప్రవేశాల అనుభవం మరొక హెచ్చరిక. 2024 డిసెంబరు 1న జరిగిన పరీక్ష జవాబుల పట్టికలో దోషాలున్నాయంటూ అభ్యర్థులు పలు హైకోర్టులను ఆశ్రయించారు. సుప్రీం కోర్టు ఆ వ్యాజ్యాలన్నింటినీ ఢిల్లీ హైకోర్టుకు బదిలీ చేసింది. చివరకు 2025 మే 7న సుప్రీం కోర్టే సవరణలకు ఆదేశించి, ప్రశ్నపత్రం రూపకల్పనలోని అలక్ష్యాన్ని తప్పుపట్టింది. ఐదు నెలలకు పైగా వేలాది విద్యార్థుల ర్యాంకులు గాలిలో వేలాడాయి. అభ్యర్థి అవకాశాలు అతని ప్రతిభపైనే కాక, పరీక్ష నిర్వాహకుల శ్రద్ధపై కూడా ఆధారపడతాయనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

భాష, ఖర్చు

క్లాట్ ఇంగ్లీషులోనే జరుగుతుంది. ప్రాంతీయ భాషలలోనూ నిర్వహించాలన్న వ్యాజ్యం 2023లో ఢిల్లీ హైకోర్టు ముందుకు వచ్చింది. తెలుగు మాధ్యమంలో చదివిన గ్రామీణ విద్యార్థి తర్కంలో ఎంత దిట్ట అయినా, ఇంగ్లీషు గద్యభాగాల వేగం వద్దనే వెనుకబడతాడు. దరఖాస్తు రుసుమే సాధారణ అభ్యర్థికి 4 వేల రూపాయలు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 3,500. శిక్షణ ఖర్చు దీనికి అదనం. సీటు వచ్చినా అనేక విశ్వవిద్యాలయాలలో ఏటా అయ్యే వ్యయం రెండు లక్షలు దాటుతుంది. అవకాశాన్ని అంచనా వేసేటప్పుడు "సీటు వస్తుందా?" అనే ప్రశ్న పక్కనే "ఐదేళ్లు భరించగలమా?" అనే ప్రశ్న కూడా ఉండాలి. విద్యా రుణం తీసుకునే కుటుంబానికి మొదటిదానికంటే రెండోదే ముఖ్యం.

ఇందుకు భిన్నంగా రెండు తెలుగు రాష్ట్రాల లాసెట్లలో తెలుగులోనూ ప్రశ్నపత్రం ఉంటుంది. తప్పు జవాబుకు కోత లేదు. ఆ మార్గంలో విశ్వవిద్యాలయ కళాశాలల్లో చదివినవారు కూడా బార్ కౌన్సిల్ ఎదుట అదే న్యాయవాదులు. జాతీయ విద్యాలయం దక్కకపోతే న్యాయవాద వృత్తే దక్కదన్న భయం నిరాధారం. పెద్ద న్యాయ సంస్థల కొలువులలో ఆ ముద్రకు విలువ ఉన్నమాట నిజమే. జిల్లా కోర్టులో కక్షిదారు మాత్రం న్యాయవాది కళాశాల పేరు అడగడు.

ప్రవేశ ప్రక్రియలో పారదర్శకత పెరగనంత కాలం జోస్యాల వ్యాపారం సాగుతూనే ఉంటుంది. ఏ మార్కుకు ఎందరున్నారు, ఏ కోటాలో చివరి సీటు ఎవరికి దక్కింది అన్న వివరాలను ప్రతి ఏటా ఒకేచోట, ఒకే నమూనాలో, తెలుగు సహా భారతీయ భాషలలో సమాఖ్య ప్రకటించాలి. ఖర్చు భరించగలిగిన వారికి అంచనాలు అమ్మే సంస్థలున్నాయి. పల్లెలోని విద్యార్థికి ఆ లెక్క ఉచితంగా చెప్పవలసిన బాధ్యత, ప్రజాధనంతో నెలకొన్న ఈ విద్యాలయాలదే.