ప్రేరణా, రెచ్చగొట్టడమా?

ఇన్‌స్పైర్, ఎక్సైట్, ఇన్‌సైట్. మనసును కదిలించే ఈ ఇంగ్లీషు క్రియలను గిలకలదిండి పిల్లలకు బట్టీ పట్టిస్తే సరిపోదు. వాటిని నేర్పడానికి పక్కనే ఉన్న బందరు చరిత్రను మించిన పాఠం లేదు.

1907లో స్వదేశీ ఉద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ ఆంధ్రలో పర్యటించారు. బందరు పాత్రికేయుడు ముట్నూరి కృష్ణారావు ఆయన వెంట నడిచారు. రాజమహేంద్రవరంలో పాల్ ఇంగ్లీషులో ప్రసంగిస్తుంటే చిలకమర్తి లక్ష్మీనరసింహం తెలుగులో వినిపించారు. ఊరు ఊగిపోయింది. ఆ ఊపులోనే విద్యార్థి గాడిచర్ల హరిసర్వోత్తమరావు అక్కడి ట్రైనింగ్ కాలేజీ నుంచి బహిష్కరణకు గురయ్యారు. మరుసటేడు బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలోని రాతకు రాజద్రోహ నేరంపై జైలు పాలయ్యారు.

ఆ నేరానికి వాడిన భారత శిక్షాస్మృతి 124-ఎ సెక్షన్‌లో కీలక క్రియల్లో ఒకటి ‘ఎక్సైట్’. జనం ప్రేరణ అనుకున్నదాన్నే సర్కారు రెచ్చగొట్టడమంది. ఆ ప్రేరణ ఉత్త కేకలతో ఆగలేదు. 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల వెలిసింది. చదువుతో పాటు చేతిపనులూ నేర్పిన ఆ సంస్థకు కోపల్లె హనుమంతరావు జీవితాన్నే ధారపోశారు.

124-ఎ అమలును సుప్రీంకోర్టు 2022లో నిలిపివేసింది. 2024లో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 152వ సెక్షన్‌లో, వేర్పాటు, సాయుధ తిరుగుబాటు వంటి వాటికి సంబంధించి, ‘ఎక్సైట్’ మళ్లీ కనిపిస్తుంది. ఎవరు, ఎవరిని, దేనికోసం కదిలిస్తున్నారో అడగడం పిల్లలకు అలవాటు కావాలి. పాల్ పర్యటనను ఇంగ్లీషు వాచకంలో పాఠంగా చేర్చాలి.