ట్వంటే పిల్లల కోసం ఒక దరఖాస్తు

"చిన్నాన్నా, డబ్బుల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ ఫొటో తీసెయ్యండి." 2025 జూన్‌లో మా అన్నయ్య కూతురు ఫోన్‌లో అన్న మొదటి మాట ఇదే. న్యూజెర్సీలో మా తెలుగు సంఘం తరఫున ఒక కుటుంబ ఫౌండేషన్‌కు పంపబోయే గ్రాంటు దరఖాస్తును ఆమెకు ఒకసారి చూపించాం. మొదటి పేజీలో రామాలయం పక్కన రేకుల షెడ్డులో కూర్చున్న నలభై మంది పిల్లలు, వెనుక నిలబడిన ఇద్దరు కుర్ర టీచర్లు. కింద ఊరి పేరు. చూడగానే మనసు కరిగే ఫొటో అని మేం మురిసిపోయాం. ఆమెకు మాత్రం అందులో టీచర్ల మొహాలు, ఊరి పేరు కనిపించాయి.

మయన్మార్‌లో 2024 ఫిబ్రవరి నుంచి నిర్బంధ సైనిక సేవ చట్టం అమల్లోకి వచ్చింది. 18 నుంచి 35 ఏళ్ల మగవాళ్లు, 18 నుంచి 27 ఏళ్ల ఆడవాళ్లు దాని పరిధిలోకి వస్తారు. ఆ ఇద్దరు టీచర్లకూ పాతికేళ్లు దాటలేదు. అందుకే ఇక్కడ ట్వంటే అని మాత్రమే రాస్తున్నాను. ఆ టౌన్‌షిప్‌లో ఏ ఊరో రాయను.

ట్వంటే యాంగోన్‌కు నైరుతిగా, నది అవతల ఉంటుంది. 2019లో నేను వెళ్లినప్పుడు పాన్‌సొడాన్ రేవులో ఫెర్రీ ఎక్కి డలాలో దిగి, అక్కడి నుంచి రోడ్డు మీద వెళ్లాను. కుండలకు పేరున్న ఊరు. దారి పొడవునా బట్టీలు, ఆరబెట్టిన కూజాలు, ఒక పక్క పడవలు తిరిగే కాలువ. 2008 మేలో నర్గీస్ తుపాను ముంచెత్తిన ప్రాంతాల్లో ఇదీ ఒకటి. ఆ తుపానులో దేశం మొత్తం మీద చనిపోయినవాళ్లు, ఆచూకీ లేనివాళ్లు కలిపి సుమారు 1,38,000 మంది.

మనవాళ్లు అక్కడికి ఎలా చేరారో కొత్త తరానికి తెలియకపోవచ్చు. కోరంగి, కాకినాడ, విశాఖ, కళింగపట్నం రేవుల నుంచి ఓడలెక్కి రంగూన్ రేవుల్లో, మిల్లుల్లో, పొలాల్లో కూలికి వెళ్లారు. బర్మా వాళ్లు పెట్టిన 'కోరంగీ' అన్న పేరు ఆ రేవు నుంచి వచ్చిందేనని చెబుతారు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె తర్వాత జరిగిన అల్లర్లలో ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1942లో జపాన్ దాడికి భయపడి లక్షల మంది భారతీయులు కాలినడకన వెనక్కి వచ్చారు. 1962లో సైన్యం గద్దెనెక్కాక, జాతీయీకరణతో మరికొన్ని లక్షల మంది తిరిగొచ్చారు. మా నాన్న 1964లో విశాఖ బర్మా క్యాంపుకు చేరాడు. పెదనాన్న కదలలేదు. ఆయన మనవరాలే ఇప్పుడు సాయంత్రం పూట ఆ షెడ్డులో పిల్లలకు తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు చెప్పిస్తోంది.

ఇప్పుడే ఎందుకు కష్టం

2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం విదేశీ సాయాన్ని నిలిపేసింది. జులై 1 నాటికి యూఎస్ఎయిడ్ విడి సంస్థగా లేకుండా పోయింది. అంతకాలం ప్రభుత్వ నిధులతో నడిచిన పెద్ద సంస్థలు కూడా ఇప్పుడు ప్రైవేటు ఫౌండేషన్ల గుమ్మం ముందు వరుస కట్టాయి. అదే ఏడాది మార్చి 28న 7.7 తీవ్రతతో వచ్చిన భూకంపం తర్వాత మయన్మార్ పేరు చెబితే దాతల చూపు మాండలే, సగాయింగ్ వైపు వెళ్లింది. అది న్యాయమే. దక్షిణాన ట్యూషన్ షెడ్డు ఎవరి కంటా పడదు.

అందుకే మేం కుటుంబ ఫౌండేషన్‌ను నమ్ముకున్నాం. తెలుగు కుటుంబమే, మన గోడు మనవాళ్లకు అర్థమవుతుందనుకున్నాం. నిజంగానే అర్థమైంది. అయినా వాళ్ల దగ్గర నుంచి మూడు ప్రశ్నలు వచ్చాయి. డబ్బు తీసుకునే చట్టబద్ధ సంస్థ ఏది? డబ్బు ఏ దారిలో వెళుతుంది? లెక్క ఎవరు చెబుతారు?

నాకు మొదట కోపం వచ్చింది. నలభై మంది పిల్లల చదువుకు ఇన్ని ఆరాలా అనిపించింది. నిబంధనలు చదివాక కోపం తగ్గింది.

ఫౌండేషన్ చేతులు ఎక్కడ కట్టేసి ఉంటాయి

అమెరికాలో కుటుంబ ఫౌండేషన్ అంటే ఇంటాయన జేబు కాదు. పన్ను మినహాయింపు పొందిన నిధి. పెట్టుబడుల విలువలో ఏటా దాదాపు 5 శాతం దానధర్మాలకు ఇవ్వాలి. విదేశీ సంస్థకు నేరుగా ఇవ్వాలంటే రెండే దారులు. ఆ సంస్థ అమెరికా పబ్లిక్ చారిటీకి సమానమని నిపుణులతో తేల్చుకోవాలి. లేదా ముందస్తు విచారణ, రాతపూర్వక ఒప్పందం, విడి ఖాతా, ఏటేటా నివేదికలతో ప్రతి డాలరు ఖర్చుకూ తానే పూచీ పడాలి. తప్పితే ఫౌండేషన్ మీదే పన్ను పడుతుంది.

అవతలి వైపు దారి ఇంకా ఇరుకు. మయన్మార్ సైనిక ప్రభుత్వం 2022 అక్టోబరులో తెచ్చిన చట్టం ప్రకారం సంఘాలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. లేకుండా నడిపితే జైలు. రిజిస్టర్ చేయిస్తే సభ్యుల వివరాలన్నీ ప్రభుత్వం చేతిలో పెట్టాలి. అదే నెలలో ఎఫ్ఏటీఎఫ్ ఆ దేశాన్ని బ్లాక్ లిస్టులో పెట్టింది. 2023 జూన్‌లో అక్కడి రెండు ప్రభుత్వ బ్యాంకులపై అమెరికా ఆంక్షలు విధించింది. మానవతా సాయానికి మినహాయింపులు ఉన్నా, మయన్మార్ పేరు చూడగానే బ్యాంకులు వెనకాడతాయి. డబ్బు వెళ్లినా, డాలరుకు 2,100 క్యాట్‌ల అధికారిక రేటుకు మార్చాల్సి వస్తే బయటి మార్కెట్‌తో పోల్చితే దాదాపు సగం విలువ ఆవిరవుతుంది.

మా కమిటీలో రెండు సలహాలు వచ్చాయి. ఒకటి హుండీ. కుటుంబాలు అలా పంపుకోవడం చూశాం కానీ, రసీదు లేని డబ్బుకు ఫౌండేషన్‌కు ఏం లెక్క చెబుతాం? పట్టుబడితే ఇబ్బంది పడేది ఎవరు? రెండోది విశాఖలోని ఏదైనా ట్రస్టు ద్వారా పంపడం. విదేశీ విరాళాన్ని మరో సంస్థకు బదిలీ చేయడాన్ని భారత్ 2020లో ఎఫ్‌సీఆర్ఏ సవరణతో నిషేధించింది. రెండూ పక్కన పెట్టాం.

మేం దరఖాస్తును ఎలా మార్చాం

మా సంఘానికి 501(సి)(3) గుర్తింపు ఉంది. గ్రాంటు మాకే ఇవ్వమని అడిగాం. మేం పేరుకు మాత్రం ఉండి డబ్బును అటు తోసేయడం కుదరదు. పని మీద నిర్ణయం, అదుపు, లెక్క మావే కావాలి. అందుకని పనినే మార్చాం. విశాఖలో ఇద్దరు రిటైర్డ్ టీచర్లకు రుసుము ఇచ్చి పాఠాలు రాయించి, రికార్డు చేయిస్తాం. అక్కడ కరెంటు ఉన్న గంటల్లో పిల్లలు ఫోన్లలో చూస్తారు. ఏ దేశంలోని తెలుగు పిల్లలైనా వాడుకోవచ్చు. దరఖాస్తులో ఫొటో లేదు, ఊరి పేరు లేదు, టీచర్ల పేర్లు లేవు. ఎందుకు లేవో ఒక పేరాలో రాశాం.

అడిగినదాంట్లో సగం, ఒక ఏడాదికి మంజూరైంది. ఇది విజయగాథ అని చెప్పను. ఆ షెడ్డుకు కావలసింది అసలు పైకప్పు. వానాకాలం వస్తే పిల్లలు ఒక మూలకు సర్దుకుంటారు. దానికి ఆ గ్రాంటులో ఒక్క డాలరు లేదు. "పైకప్పు మేం చూసుకుంటాంలే చిన్నాన్నా" అంది మా అమ్మాయి. ఎలా చూసుకుంటారో నేను అడగలేదు.

మన సంఘాలు గుర్తుంచుకోవలసింది

దరఖాస్తు రాసే ముందు ఆ ఫౌండేషన్ పన్ను రిటర్ను, 990-పీఎఫ్, చదవండి. అది ఎవరైనా చూడొచ్చు. ఎవరికి ఎంత ఇచ్చారో, అడగని దరఖాస్తులు తీసుకుంటారో లేదో అందులో ఉంటుంది. అయిదు వేలు ఇచ్చే చోట యాభై వేలు అడిగి పరువు పోగొట్టుకోనక్కర్లేదు.

గ్రాంటు అయ్యాక ఎవరు నడుపుతారో ముందే తేల్చుకోండి. కుటుంబ ఫౌండేషన్ బలం, బలహీనత రెండూ ఆ కుటుంబమే. సత్యం రాజుల కుటుంబం 2001లో పెట్టిన బైర్రాజు ఫౌండేషన్ ఆంధ్రలో దాదాపు 200 గ్రామాల్లో పనిచేసింది. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడ్డాక ఆ పనికి ఆధారం కదిలిపోయింది. అదే కుటుంబం 2005లో మొదలుపెట్టిన 108 అంబులెన్సు మాత్రం ఆగలేదు. దానికి ప్రభుత్వ ఒప్పందం ఉంది, నడపడానికి జీవీకే ముందుకొచ్చింది. రెండో కాలు ఉన్న పనే నిలబడింది.

అన్నిటికన్నా ముఖ్యం, దరఖాస్తును పంపేముందు అవతల ఉన్నవాళ్లకు చదివి వినిపించండి. ఇక్కడ దాత మనసు కరిగించే ఫొటో అక్కడ ఒక ఇంటి తలుపు తట్టించవచ్చు. మా మొదటి దరఖాస్తు పంపడానికి ఇంకా రెండు రోజులే ఉందనగా ఆ ఫోన్ వచ్చింది. రాకపోయి ఉంటే మేం గర్వంగా పంపేసి ఉండేవాళ్లం.