శతవార్షికోపన్యాసములు

1926లో బెజవాడ కేంద్రముగా వెలసి, పిదప వాల్తేరు మెట్టకు తరలిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు 2026తో నూఱేండ్లు. ఇట్టి సందర్భములందు బహిరంగ శాస్త్రోపన్యాసములు జరిపించుట వాడుక. బహిరంగమనుట తఱచు పేరునకే. ముందు వరుసలు అధికారులవి, వెనుకవి విద్యార్థులవి, భాష ఇంగ్లీషు. ఊరివారికి చోటేది?

సామాన్యులకు వాకిలి తెఱచినచో పరిశోధన పలుచనగునని కొందఱి శంక. 1876లో మహేంద్రలాల్ సర్కారుగారు కలకత్తాలో నెలకొల్పిన విజ్ఞానసంఘము, పరిశోధనతోపాటు పౌరులకు శాస్త్రోపన్యాసము లిప్పించుటకును బూనినదే. 1907లో ఆ వాకిలి త్రొక్కిన రామన్‌గారు పగలు ప్రభుత్వపు లెక్కలు చూచుకొను ఉద్యోగి! 1928లో ఆయనకు కీర్తి తెచ్చిన కాంతివిశేషము బయల్పడినదియు నచ్చటనే. ఆయన శిష్యులగు సూరి భగవంతముగారే పిమ్మట వాల్తేరున భౌతికశాస్త్రమును బోధించిరి.

తెలుగు చాలదనుట మఱింత వింత. విశ్వకళాపరిషత్తు పుట్టకమున్నే, 1906లో నెలకొన్న విజ్ఞానచంద్రికామండలి కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి పూనికతో శాస్త్రగ్రంథములను తెలుగున వెలువరించినది. చదివినవారు ఉండిరి గదా!

కావున ఆచార్యులు మెట్ట దిగవలయును. అనకాపల్లి బెల్లపు వర్తకుడును, శ్రీకాకుళపు బడిపంతులును తమ పనులు ముగించుకొని వచ్చి, తెలుగున విని, తెలుగున ప్రశ్నించునట్లు ఊరి గ్రంథాలయములందే ఆ యుపన్యాసములు జరుగవలయును. ఆహ్వానపత్రముల యచ్చుకూలితోనే రైలు ఖర్చులు గడచును.