విదేశాంగ మంత్రి చేయి ఎంత దూరం చాపగలరు?

విదేశాంగ మంత్రి అనగానే దేశాధినేతలతో కరచాలనాలు, ఒప్పందాల మీద సంతకాలు గుర్తొస్తాయి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి సంఘాల్లో కూర్చునే మనకు అదంతా ఢిల్లీ సంగతి. ఆ పదవిని 1980లలో రెండుసార్లు చేపట్టిన పి.వి. నరసింహారావు పుట్టింది మన పొరుగునే, నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో. అయినా ఆ పదవి మన గడప తొక్కింది ఆయన వల్ల కాదు, గల్ఫ్ వలస వల్ల.

2016లో ప్రవాస భారతీయుల శాఖను విదేశాంగ శాఖలో కలిపారు. నాటి నుండి 1983 నాటి వలస చట్టం అమలు, ఏజెంట్ల లైసెన్సులు, పరాయి దేశంలో కూలీకి కష్టమొస్తే ఎంబసీ సాయం, అన్నీ ఒకే మంత్రి బాధ్యత.

2016 మార్చిలో యెమెన్‌లో అపహరణకు గురైన ఫాదర్ టామ్ ఉళున్నాలిల్ 2017 సెప్టెంబరులో విడుదలయ్యారు. ఒమన్ సాయపడింది. అప్పటి మంత్రి సుష్మా స్వరాజ్. ఆయన కోసం దేశమంతటా సంఘాలు మోకరించాయి. మంచిదే. మరి జీతం అందక, పాస్‌పోర్టు యజమాని చేతిలో చిక్కుకున్న మన తండా యువకుని కోసం ఎవరు మోకరిస్తున్నారు?

పదో తరగతి పాసు కానివారు 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రాంట్స్ అనుమతి తప్పనిసరి. దానితో పాటు పది లక్షల రూపాయల బీమా ఉంటుంది. పని ఇప్పిస్తానని చెప్పి విజిట్ వీసా మీద పంపితే ఆ అనుమతీ ఉండదు, ఆ బీమా ఉండదు, చూపడానికి ఒప్పంద పత్రమూ ఉండదు. పరాయి దేశపు చట్టాన్ని మన మంత్రి మార్చలేరు, అడగగలరు. ఆ అడగడానికి కాగితమే బలం.

పౌలును కొరడా దెబ్బల నుండి తప్పించింది ఆయన రోమా పౌరసత్వమే (అపొ. కార్యములు 22). హక్కును అడగడం అవిశ్వాసం కాదు.

కనుక పాలకుల కొరకు ప్రార్థించే మనం మరొక పని కూడా చేద్దాం. సంఘంలో ఎవరైనా గల్ఫ్ బయలుదేరితే, వీడ్కోలు ప్రార్థనకు ముందే వీసా ఏ రకమో అడుగుదాం. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఇ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూద్దాం. పాస్‌పోర్టు, ఒప్పందం నకళ్లు ఇంట్లో ఉంచమందాం. మంత్రి చేయి చాపాలంటే, ముందుగా కాపరి చేయి చాపాలి.