టొరంటోలో ఇంటిపేరు

(దేశాలు - కులాలు: 7వ భాగం)



కెనడా నుంచి తిరిగొచ్చి మూడు వారాలైంది. ఇన్‌బాక్స్ నిండా ఒకటే ప్రశ్న: "అన్నా, టొరంటో ఎలా ఉంది? అక్కడ మనకి బాగుంటుందా?" అడిగినవాళ్లలో ఎక్కువమంది ఎంటెక్, ఎమ్మెస్సీ చదువుతున్న మన పిల్లలే. అందుకని ఈసారి కాస్త పొడుగ్గా రాస్తున్నాను. ఓపిగ్గా చదవండి.

ఒక్క ముక్కలో జవాబు కావాలంటే, నగరం బాగుంది. మనవాళ్లు అక్కడికి కూడా కులాన్ని మోసుకెళ్లారు. ఈ రెండూ నిజాలే. ఒకటి చెప్పి ఇంకోటి దాస్తే మీకు అన్యాయం చేసినట్టే.

ముందు బాగున్నది చెప్తాను. ఆ నగరం నినాదం "వైవిధ్యమే మా బలం". 2021 జనాభా లెక్కల ప్రకారం దాదాపు 28 లక్షల మంది ఉన్న టొరంటోలో నూటికి 47 మంది వేరే దేశంలో పుట్టి అక్కడికి వలస వచ్చినవాళ్లే. సబ్‌వే రైలెక్కితే ఒక పెట్టెలోనే సోమాలీ, తమిళం, పోర్చుగీసు, చైనీసు, పంజాబీ వినపడతాయి. కెన్సింగ్టన్ మార్కెట్ అనే నాలుగు వీధుల్లో ఒకప్పుడు యూదుల అంగళ్లు ఉండేవి. తర్వాత పోర్చుగీసువాళ్లు, కరీబియన్లు, చైనావాళ్లు, లాటిన్ అమెరికా వాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి కొట్లు పెట్టుకున్నారు. అక్కడ పన్నెండు రోజులు తిరిగాను. హోటల్లో, బస్సులో, లైబ్రరీలో, పార్కులో నన్ను ఒక్కరూ "మీరేవుట్లు?" అని అడగలేదు.

ఇది చిన్న విషయం అనుకోకండి. కొత్త ఊరికెళ్లి మంచినీళ్లు అడగాలంటే ముందు ఎటువైపు ఇల్లో చూసుకుని అడిగిన తరం మా నాన్నది. ఎవరూ అడగని చోట భుజాలు వాటంతట అవే తేలికపడతాయి. అంబేడ్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్నదీ ఇదే. అమెరికా, ఇంగ్లండ్‌లలో గడిపిన ఏళ్లలో తాను అంటరానివాణ్ననే సంగతే ఆయనకు గుర్తు లేకుండా పోయింది. 1917లో బరోడా స్టేషన్లో దిగగానే ఎక్కడ తలదాచుకోవాలన్న ప్రశ్నతో అది మళ్లీ ఎదురొచ్చింది. కాబట్టి విదేశానికి వెళ్లాలనుకునే మన పిల్లల్ని ఎవరైనా "డాలర్ల కోసం పోతున్నారు" అని ఎగతాళి చేస్తే నాకు మండుతుంది. అడగబడకుండా నాలుగు రోజులు బతకాలన్న కోరిక కూడా ఆ వీసా అప్లికేషన్లో ఉంటుంది.

అయితే ఈ వైవిధ్యం వాళ్లకు ఊరికే రాలేదు. టూరిస్టు బస్సువాడు 553 మీటర్ల సీఎన్ టవర్ చూపిస్తాడు, నయాగరా చూపిస్తాడు. ఈ నగరం ఎవరెవర్ని తొక్కి లేచిందో చెప్పే చోట్లు మనమే వెతుక్కోవాలి.

అసలు ఆ నేలే చూడండి. 1787లో బ్రిటిష్‌వాళ్లు మిస్సిసాగా ఆదివాసుల నుంచి కొన్నామన్నారు. ఆ ఒప్పందం సరిగా లేదని 1805లో మళ్లీ రాయించుకున్నారు. అప్పుడిచ్చింది పది షిల్లింగులు! దాని మీద కెనడా ప్రభుత్వం దాదాపు 14.5 కోట్ల డాలర్లకు రాజీ చేసుకున్నది 2010లో. రెండు వందల ఏళ్లు పట్టింది. ఇప్పుడు సభలు మొదలయ్యేముందు "ఈ నేల ఫలానా ఆదివాసులది" అని చదువుతారు. చదివినంత మాత్రాన నేల తిరిగి రాదు. కానీ మన దగ్గర ఏ సభలోనైనా "ఈ భూమి ఒకప్పుడు ఫలానా వాళ్లు దున్నింది, ఫలానా వాళ్ల చేతుల్లోంచి పోయింది" అని చదవడం విన్నారా?

క్రిస్టీ పిట్స్ అని ఒక పార్కు ఉంది. పిల్లలు బేస్‌బాల్ ఆడుకుంటారు. 1933 ఆగస్టు 16న అక్కడ మ్యాచ్ ముగిశాక కొందరు స్వస్తిక్ గుర్తున్న గుడ్డ ఎగరేశారు. జర్మనీలో హిట్లర్ గద్దెనెక్కిన ఏడాది అది. యూదు కుర్రాళ్లు ఊరుకోలేదు. ఇటాలియన్ కుర్రాళ్లు వాళ్లకు తోడొచ్చారు. గంటల తరబడి కొట్లాట. ఇప్పుడు సిటీ హాల్ ఉన్న చోట 'ది వార్డ్' అనే పేదల పేట ఉండేది. బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన నల్లవాళ్లు, ఐరిష్‌వాళ్లు, యూదులు, చైనావాళ్లు అక్కడే బతికారు. ఆ పేటనీ, పాత చైనాటౌన్‌లో చాలా భాగాన్నీ పడగొట్టాకే 1965లో ఆ అందమైన సిటీ హాల్ తెరుచుకుంది. ఆ చైనావాళ్ల మీద కెనడా 1885 నుంచి తలపన్ను వేసింది. 1903కల్లా అది మనిషికి 500 డాలర్లయింది. 1923 నుంచి 1947 దాకా అసలు రావడానికే దాదాపు వీల్లేకుండా చట్టం చేసింది.

మనం ఇంకా బాగా గుర్తుపట్టే కథ ఒకటుంది. టొరంటో నుంచి కారులో సుమారు మూడు గంటలు పోతే డ్రెస్డెన్ అనే చిన్న పట్నం. బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన వాళ్ల వారసులు ఎక్కువగా ఉన్న ప్రాంతం. అక్కడ హోటళ్లలో నల్లవాళ్లకు తిండి పెట్టేవాళ్లు కాదు. హ్యూ బర్నెట్ అనే వడ్రంగి తనవాళ్లను కూడగట్టి పోరాటం మొదలుపెట్టాడు. 1949లో పట్నంలో ఓటింగ్ పెట్టారు, హోటళ్లు అందరికీ వడ్డించాలా వద్దా అని. వడ్డించాలన్నవి 108 ఓట్లు, వద్దన్నవి 517. మన రెండు గ్లాసుల ఊళ్లలో ఓటింగ్ పెడితే ఏం వచ్చుండేదో అదే వచ్చింది! అయినా వాళ్లు ఆగలేదు. 1954లో ఒంటారియో రాష్ట్రం చట్టం తెచ్చింది. చట్టం వచ్చాక కూడా వడ్డించకపోతే టొరంటో నుంచి బ్రామ్లీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే జమైకా కార్మిక నాయకుడు, రూత్ లోర్ అనే చైనా మూలాలున్న విద్యార్థిని వెళ్లి అక్కడి హోటల్లో కూర్చున్నారు. వడ్డించరని లోకానికి రుజువు చేశారు. కేసులు నడిచాయి. ఆ హోటల్ నల్లవాళ్లకు తిండి పెట్టడానికి మరో రెండేళ్లు పట్టింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, రంగు రంగుల మనుషులు పక్కపక్కన కూర్చున్నంత మాత్రాన సమానత్వం వచ్చేయదు. "మాకు వడ్డించట్లేదు" అని ఒకరు పేరు పెట్టి చెప్పాలి. దాన్ని చట్టంలో రాయించాలి. రాశాక వెళ్లి ఆ కుర్చీలో కూర్చోవాలి. టొరంటోలో నా భుజాలు తేలికపడ్డాయంటే అది ఆ వడ్రంగి, ఆ విద్యార్థిని పెట్టిన భిక్ష.

ఇప్పుడు రెండో నిజానికి వద్దాం.

నేను దిగింది మా మండలం కుర్రాడి బేస్‌మెంట్ గదిలో. ఆ ఆదివారం వాడు నన్ను ఒక తెలుగువాళ్లింటికి భోజనానికి తీసుకెళ్లాడు. పదిహేను మందిమి ఉన్నాం. ఒక పెద్దాయన తన కథ చెప్పాడు. స్టూడెంటుగా వచ్చిన కొత్తలో రాత్రి షిఫ్టులో కాఫీ షాపు వాష్‌రూములు కడిగానని, మాప్ పట్టుకుని నేల తుడిచానని, అలా కష్టపడి ఇవాళ ఇల్లు కొన్నానని చెప్పాడు. చెప్పేటప్పుడు ఆయన మొహంలో గర్వం. అందరూ శభాష్ అన్నారు. నేను కూడా అన్నాను. కష్టం కష్టమే.

తర్వాత నావైపు తిరిగాడు.

"మీదెక్కడండీ?"

"ప్రకాశం జిల్లా."

"అవునా! మా మేనమామగారిది అటే. ఏ ఊరు?"

చెప్పాను.

"ఇంటిపేరు?"

చెప్పాను. ఆ ఇంటిపేరు రెండు మూడు కులాల్లో ఉంది. ఆయనకు తేలలేదు.

"ఊళ్లో ఎటువైపండీ? రామాలయం వైపా, చర్చి వైపా?"

"పల్లెలో" అన్నాను.

"మంచిది, మంచిది" అన్నాడు. పెరుగు గిన్నె కోసమని లేచి వెళ్లి, ఇంకో సోఫాలో కూర్చున్నాడు. తిట్టలేదు, కొట్టలేదు, చాలా మర్యాదగా లేచాడు.

మిత్రులారా, ఆ మాప్ గురించి ఒక్క నిమిషం ఆలోచించండి. మా పెద్దమ్మ ముప్పై ఏళ్లు మున్సిపాలిటీలో రోడ్లూడ్చింది, కాలవలు తీసింది. అదే చీపురు, అదే కంపు, అదే తెల్లారుజాము. ఆ మాట మా ఇంట్లో పెళ్లి సంబంధం దగ్గర గర్వంగా చెప్పుకోలేదు. అద్దె ఇల్లు వెతికేటప్పుడు అసలే చెప్పలేదు. ఆయన రెండేళ్లు కడిగితే అది విజయగాథ. మా పెద్దమ్మ ముప్పై ఏళ్లు ఊడిస్తే అది జాతి. ఆయన బ్లీచింగ్ పౌడర్ వాసనతో ఇంటికొచ్చినా ఆయన కులానికి మరక అంటలేదు. మా చెల్లెలు పీహెచ్‌డీ చేసినా మా కులం కడిగినట్టు పోలేదు.

"కులమంటే పని విభజనే, ఎవరి పని వాళ్లు చేసుకున్నారు, అంతే" అని మనకు నేర్పుతారే, ఆ వాదన టొరంటోలో ఒక్క రాత్రి షిఫ్టులో కూలిపోతుంది. అన్ని కులాల పిల్లలూ అక్కడ గిన్నెలు తోముతున్నారు, మంచులో సైకిలు మీద పార్సిళ్లు మోస్తున్నారు. చదువు నడిచే రోజుల్లో క్యాంపస్ బయట వారానికి 24 గంటలే పని చేయాలన్న రూల్ అందరికీ ఒకటే. పని ఒకటైంది, జీతం ఒకటైంది, చలి ఒకటైంది. ఆదివారం భోజనాల దగ్గర ఇంటిపేరు ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది. కులానికి పనితోనే సంబంధమైతే ఈపాటికి ఆ సోఫా మీద చచ్చిపోయుండాలి కదా?

మరి ఆ నగరానికి ఇది ఎందుకు కనపడదు? కెనడా 1971లో బహుళ సంస్కృతుల విధానం ప్రకటించింది, 1988లో చట్టం చేసింది. మీ సంస్కృతిని మీరు కాపాడుకోండి, మేం గౌరవిస్తాం అంది. మంచి మాటే. కానీ "ఇండియన్ సంస్కృతి" అనే డబ్బా ఒకటి చేతికిచ్చి, అందులో ఏం పెట్టాలో నిర్ణయించే పని ఎవరికి దక్కింది? ముందొచ్చినవాళ్లకి, డబ్బున్నవాళ్లకి, పై కులాలవాళ్లకి. గెరార్డ్ వీధి ఇండియా బజారులో దోసె దొరుకుతుంది, చీర దొరుకుతుంది. మా పల్లె డప్పు ఆ డబ్బాలో ఎక్కడుంది? తెల్లవాడి కంటికి మనమంతా ఒకే గోధుమ రంగు. ఆ ఒకే రంగు వెనకాల ఊరూ పల్లే రెండూ దాక్కుంటాయి. షేరింగ్ రూము ప్రకటనలో "వెజ్ ఓన్లీ" అని చూస్తే ఆ దేశం వాళ్లు తిండి అలవాటు అనుకుంటారు. ఆ మాట కొన్నిసార్లు ఏ పని చేస్తుందో హైదరాబాద్‌లో అద్దె ఇల్లు వెతికిన మనకి తెలుసు.

అందుకే 2023 మార్చి 8న అక్కడ జరిగింది నాకు చాలా పెద్ద విషయం. టొరంటో జిల్లా స్కూలు బోర్డులో యాళిని రాజకులసింగం అనే ట్రస్టీ ఒక తీర్మానం పెట్టింది. స్కూళ్లలో కుల వివక్ష ఉందని గుర్తించాలి, దీన్ని ఎలా ఎదుర్కోవాలో రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ సాయంతో తేల్చాలి అని. 16 మంది అవునన్నారు, 5గురు కాదన్నారు. కెనడాలో ఆ పని చేసిన మొదటి స్కూలు బోర్డు అదే. అదే ఏడాది అక్టోబరులో ఒంటారియో మానవ హక్కుల కమిషన్ స్పష్టంగా చెప్పింది: వంశం, మతం, జాతి, పుట్టిన చోటు లాంటి ఆధారాల కింద కుల వివక్ష కూడా ఇప్పుడున్న చట్టం ప్రకారమే నిషిద్ధం అని.

దీన్ని వ్యతిరేకించినవాళ్ల మాట కూడా వినాలి. "కులం పేరెత్తితే తెల్లవాళ్లు మన పిల్లలందర్నీ వేలెత్తి చూపిస్తారు, హిందువుల మీద ద్వేషం పెరుగుతుంది" అంటారు. వలస దేశంలో ఆ భయం ఉత్తుత్తిది కాదు, గోధుమ రంగు పిల్లాడికి అక్కడ అవమానాలు ఎదురవుతాయి. కానీ ఆ తీర్మానం వేలు చూపింది ఒక చేష్ట మీద, ఒక మతం మీద కాదు. కులం సిక్కుల్లో ఉంది, ముస్లింలలో ఉంది, మన క్రైస్తవుల్లోనూ ఉంది. పైగా, నీ పిల్లాణ్ని జాత్యహంకారం నుంచి కాపాడాలంటే నా పిల్లాడు కులం గురించి నోరు మూసుకోవాలా? ఇద్దరికీ ఒకే చట్టం గొడుగు పట్టగలదు. బర్నెట్ అడిగిందీ అదే కదా.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వెళ్లండి. భయపడకండి, మురిసిపోకండి కూడా. వెళ్లగానే టవర్ దగ్గర ఫొటో దిగండి, తప్పులేదు. ఆ తర్వాత క్రిస్టీ పిట్స్‌కి పోయి ఆ గడ్డి మీద కాసేపు కూర్చోండి. వీలైతే డ్రెస్డెన్ వెళ్లి రండి. గదిలో గానీ, కాలేజీలో గానీ, పనిలో గానీ కులం పేరుతో ఏదైనా జరిగితే తేదీ, మాట, మనిషి రాసిపెట్టుకోండి. మెసేజీలు డిలీట్ చేయకండి. అక్కడ చట్టం మీ వైపు నిలబడడానికి ఒక దారి ఉంది, కానీ ఆ చట్టానికి తెలుగు రాదు. రామాలయం వైపా, చర్చి వైపా అన్న ప్రశ్నకు అర్థమేంటో దానికి మీరే చెప్పాలి.

ఇక ఇంటిపేరు అడిగినప్పుడు తలొంచుకోకండి. ఊరి పేరుతో పాటు పల్లె పేరు కూడా గట్టిగా చెప్పండి. లేచి వెళ్లిపోవాల్సి వస్తే వాళ్లనే లేవనివ్వండి. ఆ కుర్చీ మీది.

వచ్చే భాగంలో అక్కడి మన అంబేడ్కరైట్ కుర్రాళ్లతో జరిగిన చర్చ రాస్తాను. మీ అనుభవాలు రాయండి, పేరు బయటపెట్టను.

జై భీమ్.