కాషాయము నుండి హాజరుపట్టీ వరకు

కృష్ణా పశ్చిమ డెల్టాలో తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతముల గ్రామములలో తిరుగువారికి మాలమాదిగ పల్లెలయందు అక్కడక్కడ నొక చిన్న మందిరము కానవచ్చును. ఎఱ్ఱని గుడ్డకు నీలపు అంచును, నడుమ పసుపుపచ్చని నక్షత్రమును గల జెండా దాని గుర్తు. అచటి బోధకుని జనులు పాస్టరుగారనరు, కాప్టెనుగారందురు. ఇది ఆంగ్లమున సాల్వేషన్ ఆర్మీ యనియు, తెలుగున రక్షణ సైన్యమనియు పిలువబడు శాఖ. లూథరనులతోను, బాప్టిస్టులతోను పోల్చిచూచినచో మన సీమలో నిది చిన్నది. కాని దీని చరిత్రలో మనకొక పెద్ద పాఠము కలదు. అది క్రైస్తవులకు మాత్రమే చెందిన పాఠము కాదు. భూవసతిగల గృహస్థులును, పట్టణవాసులును గూడ చెవియొగ్గి వినవలసినది.

విలియం బూత్ అను బోధకుడు 1865లో లండను నగరపు తూర్పుపేటలలో, త్రాగుడుచేతను దారిద్ర్యముచేతను చెడిన జనులనడుమ ఈ పనిని ప్రారంభించెను. 1878లో దానికి సైన్యమని పేరు పెట్టెను. దీనిని మన దేశమునకు తెచ్చినవాడు ఫ్రెడరిక్ టక్కరు. ఇతడు 1853లో బీహారులోని ముంగేరులో పుట్టి, సివిలు సర్వీసున చేరి, పంజాబులో అధికారము చేసినవాడు. ఆ పెద్ద యుద్యోగమును 1881లో త్యజించి, 1882 సెప్టెంబరు 19వ తేదీన ముగ్గురు సహచరులతో బొంబాయి రేవున దిగెను. ఆ సహచరులలో నొక స్త్రీ యుండుట గమనింపదగినది.

వీరు దిగిన తోడనే ఆంగ్లేయుల వేషమును విడిచిరి. కాషాయ వస్త్రము కట్టిరి, తలపాగ చుట్టిరి, చెప్పులు విడిచి నడిచిరి. టక్కరు ఫకీర్ సింగ్ అని పేరు మార్చుకొనెను. గ్రామములందు ఇంటింట భిక్షమెత్తి, పెట్టినది తిని, చోటు దొరికినచోట పండుకొనిరి. ఈ కాఠిన్యమునకు తాళలేక యువబోధకులు పలువురు రోగములపాలై అకాలమరణము నొందిరి. బంగళాలలో కాపురముండి పల్లకీలలో తిరిగిన పాదరీలను చూచిన జనులకు ఇది వింత. కాని మన జనులకు ఈ రూపము క్రొత్తది కాదు. జంగము, దాసరి, వైరాగి, ఫకీరు వాకిట నిలిచిన పిడికెడు బియ్యము వేయుట ఈ నేల నేర్చిన మొదటి మర్యాద. వేయి ఉపన్యాసములు చేయలేని పనిని ఆ భిక్షాపాత్ర చేసినది.

ప్రభుత్వమునకు మాత్రము ఇది రుచింపలేదు. పాలకజాతికి చెందినవారు వట్టికాళ్లతో బిచ్చమెత్తిన దొరతనపు ప్రతిష్ఠ యేమగును? బొంబాయి పోలీసులు వారి ఊరేగింపులను అడ్డగించిరి, నిర్బంధించిరి. టక్కరు చెరసాలకు గూడ పోయెను. బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేనుడు వారి పక్షమున గొంతెత్తెను. పరమతస్థుడైనను, బలహీనుడై నిలిచినవానికి బాసటయగుట మన సంప్రదాయము.

తెలుగునాట వీరి పని 1895లో బెజవాడలో మొదలాయెను. మొదలుపెట్టినవాడు దొర కాదు. ముస్లిము కుటుంబమున పుట్టిన అబ్దుల్ అజీజ్ అను అధికారి. అచటినుండి ఆ బోధన కాలువల వెంబడి డెల్టా పల్లెలకు ప్రాకెను. 1855లో బెజవాడవద్ద ఆనకట్ట కట్టిన పిదప ఈ సీమ వరిపొలములతో నిండినది. ఆ పంటను పండించిన చేతులు మాలమాదిగలవి. పంట మాత్రము మన గాదెలకు చేరినది. దేవాలయప్రవేశము లేక, ఊరిబావి నీరు లేక యున్నవారి వాకిటికి ఒకడు వచ్చి కూర్చుండి, వారి చేతికూడు తిని, సహోదరా యని పిలిచెను. వారు వానివెంట పోయిరనిన ఆశ్చర్యమేమున్నది? మతాంతరమును నిందించు మనలో ఎందరు అంతకుముందు ఆ వాకిట కాలుపెట్టిరి?

ఈ శాఖవారి ఆచారములును విలక్షణములు. తక్కిన క్రైస్తవులకు ముఖ్యమైన జలబాప్తిస్మమును, రొట్టె ద్రాక్షారసముల సంస్కారమును వీరు పాటింపరు. మార్పు లోపల జరుగవలెనే కాని నీటిలో కాదని వీరి మతము. చేరగోరువాడు మందిరమున ముందున్న బల్లవద్ద మోకరిల్లి పశ్చాత్తాపపడును, దానిని కరుణాపీఠమందురు. పిమ్మట జెండాక్రింద ప్రమాణము చేసి సైనికుడగును. సారాయి ముట్టరాదు. పొగాకును గూడ విడువవలయును. సంవత్సరమున కొన్ని దినములు తమ సుఖమును కొంత మానుకొని, మిగిల్చినదానిని పనికిత్తురు. ఈ ఆచారము 1886నుండి యున్నది. చనిపోయినవానిని చచ్చెననక, మహిమలోనికి పై పదవి పొందెనందురు. స్త్రీలు పురుషులతో సమముగా అధికారులై వేదికయెక్కి బోధింతురు. బాలవితంతువులకు పునర్వివాహము చేయుటకే వీరేశలింగము పంతులుగారు నానా అగచాట్లు పడిన కాలమున ఇది సామాన్యమైన సంగతి కాదు.

ఇంతవరకు ఈ కథ మెచ్చుకొనదగినది. ఇకమీదిది దుఃఖకరము.

ఎరుకలవారు పూర్వము దొంగలు కారు, వర్తకులు. ఎద్దులమీదను, గాడిదలమీదను సముద్రతీరపు ఉప్పును లోపలి సీమలకు మోసి, అచటి ధాన్యమును తీరమునకు తెచ్చి జీవించినవారు. పొగబండి వచ్చి, ఉప్పుపై దొరతనమువారి పట్టు బిగిసి ఆ వర్తకమును పాడుచేసినవి. బ్రతుకుతెరువు తీసినవారే పిమ్మట వారిని దేశద్రిమ్మరులనిరి. 1871లో ఉత్తరదేశమున పుట్టిన నేరస్థజాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికి వచ్చినది. దానిప్రకారము నేరము చేయనక్కరలేదు. ఆ కులమున పుట్టిన చాలును. వ్రేలిముద్ర లిచ్చి, పోలీసువారికి హాజరు చెప్పి, అనుమతిచీటీ లేనిదే పొలిమేర దాటరాదు. తల్లిదండ్రులనుండి బిడ్డలను వేరుచేయు అధికారమును గూడ ఆ చట్టము ప్రభుత్వమున కిచ్చినది.

ఈ పనికి ప్రభుత్వము రక్షణ సైన్యమును పిలిచినది, సైన్యము సమ్మతించినది. 1908లో గోరఖ్‌పూరులో మొదలైన ఈ సెటిల్‌మెంటుల పద్ధతి మన సీమకును వచ్చినది. బాపట్లకును చీరాలకును నడుమ 1913-14 ప్రాంతమున నొక సెటిల్‌మెంటు వెలసి, మద్రాసు ప్రభుత్వమున కార్యనిర్వాహక సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్టు పేర స్టూవర్టుపురమైనది. నేరమును రోగమువలె కుదుర్చు శాస్త్రమొకటి కలదని టక్కరు దానికొక క్రొత్తపేరు కల్పించెను. 1913లోనే ప్రభుత్వము అతనికి కైజర్-ఇ-హింద్ బంగారు పతకమిచ్చినది. ముప్పది యేండ్లకుముందు చెరసాలకు పంపిన చేతులే ఇప్పుడు పతకము తొడిగినవి. ఆ నడుమ మారినది దొరతనము కాదు.

కాషాయము కట్టి వాకిట నిలిచినవాని పొమ్మనుటకు జనులకు స్వాతంత్ర్య ముండెను. ఆ స్వాతంత్ర్యమే అతని బోధకు విలువ తెచ్చినది. హాజరుపట్టీ చేతబట్టి నిలిచినవాని పొమ్మనుట కెవరికి సాధ్యము? ప్రార్థనకు వచ్చినవాడు భక్తిచే వచ్చెనో, భయముచే వచ్చెనో చెప్పగలవారెవరు? పొగాకు ముట్టని అధికారుల కావలిలో నున్న ఎరుకలవారు చీరాల పొగాకు కంపెనీలో కూలిపని చేయవలసివచ్చుట ఈ విపరీతమునకు పరాకాష్ఠ. కదలరాని కూలివాండ్రకంటె కంపెనీకి కావలసినదేమి?

సెటిల్‌మెంటులో బడులు పెట్టలేదా, భూములు చూపలేదా యని కొందరనవచ్చును. పెట్టిరి, చూపిరి, కాదనుట అన్యాయము. అందు చదివిన బిడ్డలు పైకి వచ్చిన మాటయు నిజము. అయినను ఆ శాఖవారే బాపట్లలో కుష్ఠురోగులకు ఆసుపత్రి నెలకొల్పిరి. నిడుబ్రోలులో మరియొక ఆసుపత్రి పెట్టిరి. ఆ రెంటికిని ఇవాంజెలిన్ బూత్ పేరే కలదు. ఎవ్వరును తాకని రోగిని తాకిన ఆ చేతులను మన సీమ నేటికిని గౌరవించుచున్నది. స్టూవర్టుపురము మాటవచ్చిన ఆ గౌరవ మేల తడబడును? ఆసుపత్రికి రోగి తనంత తాను వచ్చెను. సెటిల్‌మెంటునకు ఎరుకలవాడు పట్టుబడి వచ్చెను. భేదమంతయు నిదియే.

తప్పు వారిదేనని మనము చేతులు కడిగికొనరాదు. పశువు తప్పినను, వాము కాలినను, ఎరుకల గుడిసెవైపు వ్రేలు చూపినవారము మనము. ఆ కులమును కంచెలో పెట్టిరని విని ఊరివారు సంతోషించిరే కాని దుఃఖింపలేదు. ఉప్పుపన్నుపై సత్యాగ్రహము చేసిన జాతి, ఆ ఉప్పును మోసిన కులమును మరచినది. 1936లో నెల్లూరున జవహరులాలు నెహ్రూ ఆ చట్టమును ఖండించువరకు మన నాయకులలో పలువురకు ఈ మాట తట్టలేదు.

చట్టము మద్రాసు రాష్ట్రమున 1947లోను, దేశమంతట 1952లోను పోయినది. 1970లలో హేమలతా లవణముగారు స్టూవర్టుపురమునకు పోయి, బైబిలు లేకయు, లాఠీ లేకయు ఆ గుడిసెలలో కూర్చుండి మాటలాడిరి. ఆమె జాషువ కవి కుమార్తె; నాస్తికుడైన గోరాగారి కోడలు. మొదటి కాప్టెనులు వట్టికాళ్లతో చేసిన పనిని ఒక నాస్తిక గృహిణి తిరిగి చేయవలసివచ్చినది. భక్తి యున్నదా లేదా యనుట కాదు, ఎట్లు వాకిట నిలిచితివనుటయే ప్రశ్న యని ఇది తెలుపుచున్నది.

అయినను పేరు పోలేదు. 1991లో ఆ ఊరిపేర, పోలీసుఠాణాతో జోడించి, సినిమా వచ్చినది. 2023లో ఆ ఊరి గజదొంగ కథతో మరియొకటి వచ్చినది. ఆ ఊరి యువకుడు ఉద్యోగమునకు పోయి ఊరిపేరు చెప్పుటకు జంకవలసినచో, చట్టము రద్దయి యేమి లాభము? చట్టము పోయిన పిదప పలు రాష్ట్రములు అలవాటుపడిన నేరస్థులను పేర క్రొత్త చట్టములు చేసి పాత అనుమానమును నిలిపినవి. 2024 అక్టోబరు 3వ తేదీన సుప్రీంకోర్టు, చెరసాలలలోని కులభేదమును కొట్టివేయుచు, ఈ విముక్త జాతులపైనున్న పాత ముద్రనుగూర్చి గట్టిగా హెచ్చరించినది.

2022లో బాపట్ల జిల్లా యేర్పడి, రేపల్లెయు అందు చేరినది. క్రొత్త జిల్లాకు పాత ఠాణాపట్టీలు తగవు. జన్మనుబట్టి అనుమానితుల జాబితా ఎక్కడనున్నను అధికారులు దానిని చింపివేయవలయును. గృహస్థులు ఊరిపేరు విని అద్దెయిల్లును, కొలువును నిరాకరించుట మానవలయును. ఆ శాఖవారును తమ పూర్వచరిత్రలోని రెండు భాగములను దాచక తమ బిడ్డలకు చెప్పవలయును. భిక్షాపాత్రతో వచ్చినవానికి ఈ నేల పిడికెడు బియ్యము పెట్టినది, మనసు నిచ్చినది. హాజరుపట్టీతో వచ్చినవానికి వ్రేలిముద్ర మాత్రమే దక్కినది. ఏ మతమువారైనను, ఏ పక్షమువారైనను, ఈ పల్లెలకు పోదలచినవారు ఈ సంగతిని మరువకుందురు గాక.